బావి అంచున మా మొండివాడు

దేశానికి స్వాతంత్ర్యం రావడానికి ఏడాది ముందు మాట. నాకు ఇరవై ఏళ్ళు. నకరికల్లు దగ్గర మా చేలో వేరుశనగ కాయలు దూసి గంపలో వేస్తున్నాం. తలెత్తి చూస్తే రెండున్నరేళ్ళ మా పెద్దవాడు గట్టు లేని మోటబావి వైపు పోతున్నాడు.

"ఒరేయ్, ఆగు. అడుగేశావంటే వీపు చీరేస్తా" అని అరిచాను. ఇంట్లో పొద్దస్తమానం నేననే మాటే అది. వాడు నా వైపు తిరిగి, నవ్వుతూ ఒక అడుగు వెనక్కి వేశాడు. మళ్ళీ అరిచాను. మళ్ళీ ఒక అడుగు. ఇంకో రెండడుగుల్లో బావి.

నా పక్కనే కాయలు దూస్తున్న పక్కచేని ఖాసింబీ అత్త చప్పున నా నోరు మూసింది. "అబ్బయ్యా, ఈ గంప చానా బరువుందిరా. కాస్త ఓ చెయ్యి వెయ్యవా" అంది మెల్లగా. వాడు పరుగున వచ్చి గంప పట్టుకున్నాడు.

వాణ్ణి కొట్టబోయాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఎందుకే కొట్టేది? పిలిస్తే వచ్చినందుకా?"

ఎత్తిన చేత్తోనే వాణ్ణి దగ్గరికి లాక్కున్నాను.

ఇప్పుడు వాడికే మనవలున్నారు. నేటికీ అన్నానికి రమ్మంటే రాడు. "కంచాలు పెట్టాలి, ఓ చెయ్యి వెయ్యరా" అంటే మాత్రం వెంటనే లేస్తాడు.