రెక్క విరిగిన పడవ మోటారు

డెబ్బైల మొదట్లో నేను పటాన్‌చెరులో ఒక కార్ఖానాలో లేతు మిషను మీద పనిచేసేవాణ్ని. మా బావ పొలం మంజీర అవతలి ఒడ్డున ఉండేది. వానాకాలమంతా నాటుపడవలోనే ఏరు దాటాలి. ఒక ఏడు మా అక్క ఎక్కిన పడవ వరదకు నిలవలేక చాలా దూరం కొట్టుకుపోయి, తుమ్మచెట్లలో చిక్కుకుని ఆగింది. అప్పటినుంచి పడవకు మోటారు పెట్టాలని బావకు పట్టుదల. సంగారెడ్డిలో ఒక రిటైరైన టీచరమ్మ దగ్గర పాతది ఉందని తెలిసి, నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు.

మోటారు పెరటి కొట్టంలో గోనెపట్టా కింద ఉంది. మూత మీద రంగు పెచ్చులుగా లేచిపోయింది. నీళ్లలో తిరిగే పంకాకు మూడు రెక్కల్లో ఒకటి సగానికి విరిగి ఉంది.

“మా ఆయన డ్యాం ప్రాజెక్టు పనిల పడవ నడిపెటోడు. పాత సామాన్లు వేలమేస్తే కొన్నడు. ఆయన పోయినంక దీన్ని నీళ్లల్ల దించనే లేదు,” అంది టీచరమ్మ.

“మరి ఈ రెక్క?” అన్నాను.

ఆమె పక్కన నిలబడ్డ తమ్ముడు, తల నెరిసిన మనిషి, చటుక్కున అందుకున్నాడు. “గది ఎన్నడో ఇరిగింది. మంచి మాల్. జల్దీ తీస్కపోండ్రి, ఇంకొకలు గూడ అడుగుతున్నరు.”

ఆ తొందర నాకు నచ్చలేదు. వంగి, విరిగినచోట వేలితో రుద్దాను. అల్యూమినియం పాతబడితే మసకబారుతుంది. ఇది కొత్త గిన్నె అంచులా మెరుస్తోంది. నీళ్లు పీల్చే జాలీలో గోరు పెడితే పచ్చటి నాచు తడితడిగా అంటుకుంది. బావను పక్కకు పిలిచి చూపించాను.

“దొంగ సొమ్మేమో బామ్మర్దీ,” అన్నాడు గుసగుసగా.

“లేకుంటే ఏట్ల మునిగి తేలిందేమో. లోపలంత తుప్పు వట్టి ఉంటది.”

“నడి ఏట్ల ఆగితే మీ అక్క గతేంది? పోదాం పా.”

కానీ గుమ్మం దాకా వచ్చి బావ ఉండబట్టలేకపోయాడు. “అమ్మా, ఇన్నేండ్లు మూలకున్న మోటరుకు పచ్చి నాచు యాడికెల్లి వచ్చింది?”

టీచరమ్మకు కోపం వచ్చింది. “నేను అబద్ధమాడుతున్ననా?” అంటూ నా చేయి లాక్కుని చూసింది. వాసన చూసింది. మెల్లగా తమ్ముడి వైపు తిరిగింది. అతను అప్పటికే పెరటిగోడ మీదికి చూపు మార్చేశాడు.

“ఆదివారం చర్చికి రాకుండ యాడికి పోతున్నవో ఇప్పుడు తెలిసింది.”

“చేపలకు పోయిన అక్కా. బండకు తగిలి రెక్క ఇరిగింది. నీకు తెలవకముందే అమ్మేద్దామని...”

ఆమె అరుస్తుందనుకున్నాం. అరవలేదు. “నడిచిందా?” అని అడిగింది.

“మంచిగ నడిచింది.”

“మీ బావ నడిపినప్పటి సప్పుడే ఉందా?”

అతను తలూపాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. “నన్నెందుకు పిలువలే?” అంది.

మోటారు బతికే ఉందని మాకు తేలింది. ఆ మనిషి మీద మాత్రం నమ్మకం కలగలేదు. అందుకే బావ షరతు పెట్టాడు. “రెక్క మేం అతికించుకుంటం. మీ తమ్ముడు మాతోని పడవల కూసోని ఏరు దాటియ్యాలె. ఆ తర్వాతనే బేరం.”

“నేను గూడ వస్త,” అంది టీచరమ్మ.

కార్ఖానాలో వెల్డింగు మేస్త్రీని బతిమాలి రెక్క అతికించాను. మరుసటి ఆదివారం నలుగురం పడవ ఎక్కాం. సరిగ్గా నడి ఏట్లో మోటారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బావ పడవ నెట్టే గడకర్ర బిగించి పట్టుకుని టీచరమ్మ తమ్ముణ్ని మింగేసేలా చూశాడు. అతను తొణక్కుండా పెట్రోలు ట్యాంకు మూత మీది గాలి మర కొంచెం వదులు చేసి, తాడు లాగాడు. మళ్లీ అందుకుంది. టీచరమ్మ ఇదేమీ పట్టించుకోలేదు. కళ్లు మూసుకుని ఆ చప్పుడే వింటోంది.

అవతలి ఒడ్డున దిగాక బావ “తీస్కుంటం” అన్నాడు.

అక్క మాత్రం ఆ వానాకాలమంతా, గడకర్ర ఉందో లేదో చూడనిదే పడవ ఎక్కలేదు.