వీధిలోకి నడిచొచ్చిన ఇంజిను

డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం మాత్రం రాని ఆ రోజుల్లో నా మీద నాకున్నంత నమ్మకం, తర్వాత ఎంత జీతమొచ్చినా మళ్లీ కలగలేదు. నాన్నకి నన్ను ఇంజినీరుని చెయ్యాలని కోరిక. ఇంజినీరులో ఈరు తీసేస్తే మిగిలేది ఇంజినే కదా అని నేను స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు, నీళ్లు తోడే చిన్న ఇంజిన్లు బాగుచేసే షాపు పెట్టాలనుకున్నాను. విద్య యూట్యూబులో దొరికింది. (గురువుగారు హిందీలో చెప్పేవారు. నాకు హిందీ రాదు గానీ ఆయన చేతులు స్పష్టంగా కనిపించేవి.) ఇక కావలసింది గది. నర్సీపట్నంలో మా మావయ్యకి రోడ్డు మీద ఖాళీ గది ఒకటుంది. ఆయన మూలపడున్న తన నీళ్ల ఇంజినుని నా ముందు పెట్టి, "ఒరే అల్లుడూ, ఇది స్టార్టయితే గది తాళం నీది. అవ్వలేదా, ఇంజినీరు ఆశ వదులుకుని మీ నాన్న ఇప్పుడు సెప్తన్నట్టు బేంకు కోచింగుకి పో" అన్నాడు.

ఇంజినంతా విప్పి, కడిగి, మళ్లీ బిగించాను. చివరికి నాలుగు రబ్బరు దిమ్మలు, ఒక వైరు మిగిలాయి. ఇన్ని సామాన్లు దండగగా పెట్టిన కంపెనీవాళ్ల మీద జాలిపడి వాటిని జేబుల్లో వేసుకున్నాను. "అమ్మోరి పండగ రోజులు, ఉత్తి మొహంతో స్టార్టు సేస్తార్రా?" అంటూ అత్త దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, వేపమండ గుచ్చింది. తాడు లాగాను. ఒక్క లాగుకే దడదడమంది! మావయ్య నోరు తెరిచాడు. నేను తాళం కోసం చెయ్యి చాచాను. ఆ చేతి పక్కనుంచే ఇంజిను నడిచి వెళ్లిపోయింది.

అతిశయోక్తి కాదు. దాన్ని కుదురుగా ఉంచే రబ్బర్లు నా జేబులో ఉన్నాయి కనుక గెంతుకుంటూ గుమ్మం దాటి, సిమెంటు రోడ్డు పల్లంలోకి దిగింది. ఆపే స్విచ్చు నొక్కాను, దాని వైరు నా రెండో జేబులో ఉంది. పెట్రోలు మీట తిప్పాను, మీట ఊడి చేతికొచ్చింది. ప్లగ్గు టోపీ పీకబోతే షాకు కొట్టి నేను కూడా గెంతాను.

"ఆపరా!"

"ఆగట్లేదు మావయ్యా!"

మా వైపు పండక్కి అమ్మవారి ఘటాలు వీధిలోకొస్తే గడపగడపకీ పసుపునీళ్లు పోసి చల్లబరుస్తారు. పసుపు మొహం, పూలదండ, పొగ, వెనక పరుగెత్తే మేం ముగ్గురం. ఇది చూసి చూపు ఆనని ఎదురింటి మామ్మ బిందెతో వచ్చేసింది.

"ఘటం ఇంత బేగొచ్చీసినాదేటే?"

"ఘటం కాదు మామ్మా, ఇంజిను!" అని అత్త కేక.

"ఏటైతే నాకేటి? గుమ్మంలోకొచ్చినాక ఉత్తినే పంపకూడదు" అని బిందెడు నీళ్లూ కుమ్మరించింది. ప్లగ్గు తడిసి, ఇంజిను ఒక దగ్గు దగ్గి ఆగింది. "సూసినావా, సల్లబడింది తల్లి" అని మామ్మ దండం పెట్టింది.

"స్టార్టయిందా లేదా మావయ్యా?" అన్నాను, రొప్పుతూనే.

"అయిందిరా. రోజూ ఆపడానికి మామ్మనెక్కడ తెస్తావు?"

ఇదంతా చూస్తూ నిలబడ్డ, పక్కనున్న గొలుగొండ నుంచొచ్చిన రైతు ఒకాయన నా దగ్గరికొచ్చి, "బాబూ, మా ఇంజినుకీ నడక నేర్పుతావేటి? సెరుకు తోట దాకా మొయ్యలేక నడుం పోతంది. పోయేటప్పుడు నడిస్తే సాలు, వచ్చేటప్పుడు మేం మోసుకుంటాం" అన్నాడు. మావయ్య నవ్వలేదు. జేబులోంచి తాళం తీసి నా ముందు ఆడించాడు. "మొదటి బేరంరా అల్లుడూ. ఒప్పుకుంటావేటి?"

ఇంజిను ఎందుకు నడిచిందో నాకు తెలుసు. తిన్నగా ఎలా నడపాలో తెలియదు. (గురువుగారిని వెతికి చూశాను. ఆయనకీ తెలిసినట్టు లేదు.) మర్నాడు కోచింగు బస్సెక్కాను.

ఇప్పుడు బ్యాంకులో కరెంటు పోయి వెనక జనరేటరు దడదడమనగానే, సంతకం సగంలో ఆపి కిటికీలోంచి తొంగిచూస్తాను. అది ఉన్నచోటే ఉంటుంది పాపం, నాలాగే. ఆ రైతుకి సరే అనేసిన ఇంకో నేను గొలుగొండ గట్ల మీద ఇప్పటికీ ఇంజిన్ల వెనక పరుగెడుతున్నట్టు ఉంటుంది. వాడికి నా అంత పొట్ట వచ్చి ఉండదు.