బల్లి జలపాతానికి నాలుగు బకెట్లు

మా అమ్మాయి తన బల్లిని మా ఇంట్లో దింపి వెళ్ళిన రోజు నా డైరీలో మూడే మాటలున్నాయి: "తోకతో సహా అప్పగించాలి."

అమ్మాయి ఉండేది గోపాలపట్నంలో. ఆఫీసువాళ్ళు మూడు వారాల శిక్షణకని హైదరాబాదు పంపారు. దాంతో బల్లి, బల్లి ఉండే అద్దాల పెట్టె పెందుర్తిలోని మా ఇంటికి ఆటోలో వచ్చాయి. అది గోడ మీద తిరిగే బల్లి కాదు. విదేశీ జాతి. కళ్ళ మీద వెంట్రుకల్లాంటి అంచు ఉంటుంది. దానికి కావలసిన కాగితాలన్నీ అమ్మాయి దగ్గర ఉన్నాయి. మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ అన్ని కాగితాలు లేవు.

"నాన్నా, మన బల్లులకు తోక తెగితే మళ్ళీ వస్తుంది. దీనికి రాదు. బెదిరితే వదిలేస్తుంది, అంతే. ఈ జన్మలో మళ్ళీ మొలవదు," అంది అమ్మాయి.

"ముప్పై నాలుగేళ్ళు స్టీలు ప్లాంటులో నీళ్ళు చూసుకున్నవాణ్ణి. ఒక తోక చూసుకోలేనా," అన్నాను.

ఆ పెట్టె నా ఛాతీ ఎత్తు ఉంటుంది. లోపల మనీప్లాంటు, నాచు, రెండు మూడు రకాల ఆకుమొక్కలు. వెనకవైపు చెక్క మీద నుంచి సన్నటి జలపాతం దిగి, అన్నం పళ్ళెమంత కొలనులో పడుతుంది. ఆ నీటినే అగ్గిపెట్టెంత మోటారు మళ్ళీ పైకి పంపుతుంది. అమ్మాయి నాకు నాలుగు సంగతులు చెప్పింది. కొలను లోతు బల్లి మోచేతిని దాటకూడదు. జారిపడితే ఎక్కి రావడానికి గులకరాళ్ళు మెట్లలా ఉండాలి. మోటారు మూతికున్న స్పాంజి తీయకూడదు. మేతకు వేసిన కీచురాళ్ళు నీళ్ళలో పడి చస్తే వెంటనే తీసేయాలి, లేకపోతే నీరు కుళ్ళుతుంది. సబ్బు మాట ఎత్తకూడదు. ఇవి ఐదయ్యాయని అప్పుడే చెప్పాను. "నాన్నా, ఆరోది కూడా ఉంది," అంది. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి బకెట్టులో ఒక రాత్రి ఉంచి పోయాలట. "ఒక్క రాత్రి చాలు," అని రెండుసార్లు చెప్పింది.

"చాలు" అనే మాటను నేను ఉద్యోగంలో ఎన్నడూ నమ్మలేదు. ఒక రాత్రి చాలితే నాలుగు రాత్రులు ఇంకా మంచిది కదా. నాలుగు బకెట్లు కొన్నాను. వెనక వరండాలో వరసగా పెట్టి, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రంగుతో రాశాను. రోజూ ఒకటి నింపడం, నాలుగు రోజులు నిండినదాన్ని వాడడం. క్లోరిన్ గాలిలోకి పోవాలి కాబట్టి "మూత పెట్టరాదు" అని ప్రతి బకెట్టుకూ కాగితం అంటించాను.

మా ఆవిడది తగరపువలస. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చిన నాకు ఈ ఊరిని, ఈ ఊరి మాటను పరిచయం చేసింది ఆవిడే. బకెట్ల మీద పళ్ళేలు బోర్లించబోయి, కాగితం చదివి ఆగింది.

"ఏటండీ ఇది. వంటింట్లో కుండ ఉంది కదా. కాసి సల్లార్సిన నీల్లే. మనం తాగి బతకతన్నాం, అది బతకదేటి?"

"దానికి ఆధారం లేదు," అన్నాను.

"ముప్పైయేల్లుగా తాగతన్నారు. మీరే ఆదారం."

దీన్ని నేను డైరీలో రాయలేదు.

రోజూ పొద్దున్నే కాఫీకి వచ్చే మా బావమరిదికి ఈ ఏర్పాటు పెద్ద కాలక్షేపమైంది. అతనుండేది మాకు రెండు వీధుల అవతల. తల నున్నగా ఉంటుంది, నోరు ఖాళీగా ఉండదు.

"బావా, మా ఇంట్లో కుళాయి మూడ్రోజులకోపాలి వస్తంది. ఈ బల్లికి చూడు, జలపాతం. నన్నూ ఆ పెట్టెలో ఎట్టీ."

"లోతు మోచేతిదాకానే ఉండాలి. నువ్వు పట్టవు," అన్నాను.

మొదటి వారం అంతా పద్ధతిగా నడిచింది. రోజూ సగం నీరు తీసి, సగం కొత్తది పోశాను. లోతు స్కేలుతో కొలిచాను. మూడో రోజు ఇంట్లో ఏదో వాసన వేసింది. మా ఆవిడ ఎండుచేపల డబ్బాను అనుమానించి మూడుసార్లు మూత తీసి చూసింది. చివరికి అది గులకరాళ్ళ సందున మునిగిపోయిన ఒక కీచురాయి. పటకారుతో తీశాను. ఎండుచేపలకు క్షమాపణ ఎవరూ చెప్పలేదు.

రెండో వారం నా డైరీ ఇలా ఉంది.

"మంగళవారం. నాలుగో బకెట్టులో నలకలు. నీరు కదులుట వలన కదులుచున్నవి. బట్టతో వడగట్టితిని."

"బుధవారం. ఒకటో బకెట్టులోనూ నలకలు. ఇవి ఇంకా చురుకుగా ఉన్నవి. వడగట్టితిని."

"గురువారం. ఇంట్లో దోమలు హెచ్చు. కారణం: పక్కింటివారి దొడ్లో కొబ్బరి చిప్పలు."

ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ అప్పటికింకా కాలేదని ఇక్కడ చెప్పుకోవాలి. గురువారం సాయంత్రం నేను పక్కింటాయన దగ్గరికి వెళ్ళి, నిలవ నీటి ప్రమాదం గురించి పావుగంట చెప్పాను. ఆయన పాపం చిప్పలన్నీ బోర్లించాడు. ఆ రాత్రి మా ఆవిడ దోమల బ్యాటు టపటపలాడిస్తూనే అన్నం తింది.

మర్నాడు శుక్రవారం. ఇంటింటా నిలవ నీళ్ళన్నీ పారబోసి ఆరబెట్టాలని మలేరియావాళ్ళు పెట్టిన రోజు. మలేరియా డిపార్ట్‌మెంటు నుంచి ఒకావిడ టార్చి, గరిటె పట్టుకుని వచ్చింది. నడివయసు మనిషి. వరండాలో నాలుగు బకెట్లనూ, నాలుగు కాగితాలనూ చదివి, నాలుగో దాంట్లో గరిటె ముంచి నా కుడి కంటి దగ్గర పెట్టింది.

"ఏటి సార్ ఇది?"

"నలకలు."

"నలకలకి తోకలుంటాయేటి? దోమ పిల్లలు సార్. ఊరంతా తిరుగుతన్నాను గానీ, నంబర్లేసి పెంచినోల్లని సూడ్లేదు."

బావమరిది కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు. ఇలాంటి రోజు అతనికి మళ్ళీ రాదు. "మూత పెట్టరాదని ఆర్డరు కూడా ఏసినాడమ్మా. పెద్ద ఆఫీసరు."

ఆవిడ నాలుగు బకెట్లూ ఒకదాని తరవాత ఒకటి దొడ్లో ఒంపేసి బోర్లించింది. పదకొండు రోజుల పద్ధతి ఐదు నిమిషాల్లో మట్టిలో ఇంకిపోయింది. ఇంట్లో ఇంకేమైనా నిలవ నీళ్ళున్నాయా అని అడిగింది. నేను అబద్ధం చెప్పను. జలపాతం దగ్గరికి తీసుకెళ్ళాను.

కొలనులో టార్చి వేసి చాలాసేపు చూసింది. నీళ్ళు వడగట్టినవి, పైగా పారుతున్నవి. "ఇక్కడ మాత్రం శుబ్బరంగా ఉంది. బల్లికి శుబ్బరం, మడుసులకి దోమలు," అంది. "ఆ రాల్ల ఎనకాల సూడాలి. తలుపు తియ్యండి."

తీశాను. బావమరిది కూడా తల లోపలికి పెట్టినంత పని చేశాడు. పగలంతా నిద్రపోయే ప్రాణి అది. టార్చి వెలుగు కళ్ళలో పడగానే ఆకు మీద నుంచి ఎగిరి, అక్కడున్న వాటిలో అన్నిటికన్నా నున్నటి చోట దిగింది.

బావమరిది తల మీద.

"బావా," అన్నాడు చాలా మెల్లగా. "నా మీదేటో ఉంది."

"కదలకు. అరవకు. బెదిరితే తోక వదిలేస్తుంది."

"నాను వదిలీసినా పర్లేదేటి?"

మా ఆవిడ అప్పటికే పంచాంగం తెచ్చేసింది. బల్లి పడితే ఫలం చూడకుండా ఆవిడ మంచినీళ్ళు కూడా ముట్టదు. వేలుతో వరసలు వెతుకుతూ, "సరిగ్గా ఎక్కడరా? శిరస్సా, బ్రహ్మరంధ్రమా?" అని తమ్ముణ్ణి అడిగింది.

"నాకు కనపడదే అక్కా."

"శిరస్సయితే తగువు. బ్రహ్మరంధ్రమయితే..." అని ఆగిపోయింది.

"అయితే?"

"శిరస్సేలే."

"విదేశీ బల్లికి మన పంచాంగం వర్తించదు. పైగా అది పడలేదు, దూకింది," అన్నాను. ఎవరూ వినలేదు.

బల్లిని చేత్తో పట్టకూడదని, ఆకు మీద నీళ్ళు చిలకరించి ముందు పెడితే నాకడానికి వస్తుందని అమ్మాయి చెప్పి ఉంది. చిలకరించే సీసా తీశాను. ఖాళీ. రోజూ బకెట్టు నుంచే నింపేవాణ్ణి. బకెట్లు బోర్లించి ఉన్నాయి. కుళాయిలో క్లోరిన్ ఉంది. ముప్పై నాలుగేళ్ళ అనుభవంతో నేను ఒక సీసా నీళ్ళు పుట్టించలేక నిలబడిపోయాను.

మా ఆవిడ నా చేతిలో సీసా లాక్కుని వంటింట్లోకి వెళ్ళి, కుండలోని నీళ్ళు నింపుకొచ్చింది. "ఆదారం తరవాత సూసుకుందురు గాని," అంది.

మనీప్లాంటు తీగ ఒకటి బావమరిది నుదుటి దాకా లాగి చిలకరించాను. గురి తప్పి నీళ్ళు తల మీద కూడా పడ్డాయి. బల్లి ఆకును చూసింది, తలను చూసింది. తలనే ఎంచుకుంది.

"బావా. నాకతంది."

"మంచిదే. నీళ్ళు నచ్చాయన్నమాట. కదలకు."

"నాను కదల్లేదు. లోపల పేనమే కదుల్తంది."

చినుకు చినుకూ నాకుతూ అది తల చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. మలేరియా ఆవిడ టార్చి ఆర్పేసి, పెట్టె తలుపు పట్టుకుని నిలబడింది. చివరికి తల మీద తడి అయిపోయాక అది ఆకు మీదికి ఒక కాలు, మరో కాలు వేసింది. తీగను మెల్లగా లోపలికి తెచ్చాను. ఆవిడ తలుపు మూసింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని, కుడి కంటితో, మొదలు నుంచి చివర దాకా చూశాను. తోక ఉంది.

బావమరిది తలస్నానం చేసి, దీపం పెట్టాకే కాఫీ పూర్తి చేశాడు. మలేరియా ఆవిడకు కూడా మా ఆవిడ కాఫీ ఇచ్చింది. నేను పక్కింటికి వెళ్ళి కొబ్బరి చిప్పల విషయం వెనక్కి తీసుకున్నాను.

ఆ రోజు నుంచి మూత ఉన్న కుండ నీళ్ళే పోశాం. సగం సగం కాదు, రోజూ మొత్తం మార్చాం. గులకరాళ్ళను వేడినీళ్ళతో, బ్రష్షుతో తోమి, చల్లారాక మళ్ళీ మెట్లు పేర్చాను. బకెట్లు బోర్లించే ఉన్నాయి. కాగితాలు మా ఆవిడ చింపేసింది.

మూడు వారాలకు అమ్మాయి వచ్చింది. చెప్పులు విప్పకుండానే పెట్టె దగ్గరికెళ్ళి ముందు తోక చూసుకుంది. తరవాత కొలను వాసన చూసి, "ఇంత శుభ్రంగా నేనూ ఉంచలేదు నాన్నా," అంది. ఆపైన మూలన కూర్చున్న బావమరిదిని చూసింది.

"మావయ్యా, ఇంట్లో కూడా మంకీ టోపీ ఏంటి? చలి లేదుగా."

"అది నీల్లు తాగీ గిన్నె మరి. మూత ఎట్టుకున్నాను," అన్నాడతను.

ఆ సాయంత్రం డైరీ తీసి, "తోకతో సహా అప్పగించాను" అని రాసి అమ్మాయి చేత సంతకం పెట్టించాను. మా ఆవిడ నా భుజం మీద నుంచి చదివి, కదలకుండా నిలబడింది. ఆవిడ ఎందుకు నిలబడిందో నాకు తెలుసు. పెన్ను మళ్ళీ తెరిచి, కింద ఇంకో వాక్యం చేర్చాను: "నీరు: కుండది."