రేణుకకు వచ్చిన ఫోన్లు

దయ్యాల కథలు చెప్పుకునే పిల్లలను నిలబెట్టి, "దాని బరువెంత? దేనితో తయారైంది?" అని అడిగే టీచర్ని నేను. ఇరవై ఏళ్లుగా ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు తటపటాయించాను.

మహదేవపూర్ మండలంలోని ఒక చిన్న హైస్కూలుకు బదిలీ మీద వచ్చాను. మా ఆయనది కూడా అదే సబ్జెక్టు. మహబూబాబాద్‌లో, అంటే మా వాళ్లు మానుకోట అనే ఊళ్లో పనిచేసేవారు. కొడకండ్లలోని మా ఇంటి నుంచి రోజూ బస్సులో వెళ్లొచ్చేవారు. నేను ఇటు రావడానికి ఏడాది ముందే గుండెపోటుతో పోయారు.

ఆ సంగతి హెడ్మాస్టరుకు తప్ప ఇక్కడెవరికీ చెప్పలేదు. నల్లపూసలు తీయలేదు. ఎవరైనా అడిగితే "సారు మానుకోటలో ఉంటారు, సెలవు దొరకదు" అనేదాన్ని. అబద్ధమే. కానీ అలా అన్న రోజు అద్దె గదిలో ఒక్కదాన్నే కూర్చున్నా అన్నం సహించేది.

పదో తరగతి పరీక్షల ముందు మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పొద్దున ఐదింటికి టీచర్లు పిల్లలకు ఫోను చేసి లేపాలి. నా వంతుకు పన్నెండు మంది. లేచామని చెప్పి మళ్లీ దుప్పటి కప్పుకుంటారు కదా, అందుకని నేనొక చిన్న ప్రశ్న అడిగేదాన్ని. ఆక్సిజన్ వేలెన్సీ ఎంత? నిమ్మరసంలో నీలి లిట్మస్ ఏ రంగవుతుంది? జవాబు చెప్పాకే పెట్టేసేదాన్ని. నిజానికి ఆ పన్నెండు ఫోన్లు పిల్లలకంటే నాకే ఎక్కువ అవసరం. నా గదిలో ఇంకొకరి గొంతు వినపడేది అప్పుడే.

నా బెంగంతా రేణుక గురించి. ఫెయిలైతే మిర్చి ఏరడానికి పంపుతానని వాళ్ల నాయిన తేల్చి చెప్పాడు. అన్న మాట మీద నిలబడే మనిషి. ఈ పిల్లేమో రసాయన సమీకరణం తుల్యం చేయమంటే, అంటే రెండు వైపులా పరమాణువుల లెక్క సరిచేయమంటే, ఒకవైపు ఆక్సిజన్ తక్కువైందని ఏకంగా నీళ్ల ఫార్ములానే మార్చేసేది. త్రాసు గీసి ఎన్నిసార్లు చెప్పినా అదే తప్పు. ఒకరోజు విసుగొచ్చి నోట్సు విసిరేశాను కూడా.

పరీక్షలు నెల ఉన్నాయనగా నాకు పిత్తాశయంలో రాళ్లని తేలింది. ఆపరేషన్‌కు హన్మకొండ వెళ్లి తొమ్మిది రోజులు దవాఖానలోనే ఉన్నాను. ఫోను తమ్ముడి దగ్గర ఆపేసి ఉంది. పిల్లలను లేపే పని ఎవరికీ అప్పగించలేదు, ఆ నొప్పిలో గుర్తు రాలేదు.

తిరిగొచ్చాక చిన్న పరీక్ష పెట్టాను. రేణుక ఐదు సమీకరణాలూ తప్పు లేకుండా చేసింది. నాకు ఒళ్లు మండింది.

"ఎవర్ని చూసి రాసినవ్?"

"చూడలే మేడం. సారు చెప్పిన్రు కదా ఫోన్ల."

"ఏ సారు?"

"మీ సారే. మీరు దవాఖానల ఉన్నరని రోజు ఐదింటికి చేసిన్రు."

నోట్సు చూపించింది. తొమ్మిది తేదీలు, తొమ్మిది ప్రశ్నలు, జవాబులు, అన్నీ ఆమె చేతిరాతే. మూడో రోజు కింద ఇలా ఉంది: "మానుకోటల ఎక్కినోళ్లంత కొడకండ్లల దిగాలె. లెక్క కుదరకపోతే ఇంకో బస్సు పెట్టాలె గాని, బస్సుల మనుషుల మార్చొద్దు."

ఆ మాట మా ఆయనది. పరమాణువులు మనుషులు, అణువులు బస్సులు అని, తుల్యం చేయడం ఆయన అలాగే చెప్పేవారు. "కెమిస్ట్రీ చెప్తున్నరా, డిపో నడుపుతున్నరా?" అని ఏడిపించేదాన్ని. ఈ బడిలో ఆ బస్సు సంగతి నేనెప్పుడూ ఎత్తలేదు. ఇక్కడ త్రాసే గీసేదాన్ని. రేణుక మానుకోట ఎప్పుడూ చూడలేదు, కొడకండ్ల పేరు కూడా వినలేదట.

మిగతా పదకొండు మందిని అడిగాను. ఎవరికీ ఫోను రాలేదు. మా ఆయన గురించి తాను ఎవరికీ చెప్పలేదని హెడ్మాస్టరు అన్నారు. రేణుక వాళ్లది పాత బటన్ ఫోను, తెర పాడై నంబరు కనిపించదు. మా ఆయన నంబరు ఎప్పుడో ఆగిపోయింది. రేణుక వాళ్ల అవ్వను కలిస్తే, "ఒక్కనాడు నేనే ఎత్తిన మేడం. మగ గొంతే. జర దగ్గుకుంట మాట్లాడిండు" అంది. ఆయనకు పొద్దున పూట దగ్గు ఉండేది. అయితే దగ్గు చాలామందికి ఉంటుంది.

రేణుక పాసైంది. మిర్చి చేనుకు కాకుండా ఇంటర్‌కు పోయింది. సర్టిఫికెట్ తీసుకోవడానికి వచ్చినప్పుడు, ఇన్నాళ్లూ నోటి దాకా వచ్చి ఆగిన ప్రశ్న అడిగాను.

"సారు నా గురించి ఏమన్న అన్నరా?"

రేణుక నిజాయితీ గల పిల్ల.

"లేదు మేడం. క్వశ్చన్ అడిగి పెట్టేసేటోళ్లు."

ఆ ఫోన్లు ఎవరు చేశారో నాకు తెలియదు. ఎటు నుంచి ఆలోచించినా ఆ బస్సు మాట దగ్గర ఆగిపోతాను. ఒకవేళ అది ఆయనే అయితే మాత్రం నాకు చాలా కోపంగా ఉంది. ఎవరి పిల్లకో తొమ్మిది రోజులు చేశారు. పెళ్లయి ఇరవై రెండేళ్లు కలిసి బతికిన దాన్ని, ఎట్లున్నవని ఒక్కసారి నన్ను అడగొచ్చు కదా.