బడిదారిలో రమణమ్మ

“ఆవిడ మన సత్యాన్ని నిజంగా బడికే తీసుకెళ్తోందా?” అని నా భార్యను అడిగాను.

నేను బి.ఎన్.ఆర్. రైల్వే ఉద్యోగంలో వాల్తేరు నుంచి రాయపూర్ బదిలీ అయ్యాక, సంవత్సరం మధ్యలో మావాణ్ణి హిందీ బడిలో చేర్చాం. వారం తిరక్కుండానే దెబ్బలు తిని, ఇక వెళ్లనన్నాడు. ఎందుకు కొట్టారో వాడికే తెలియదు. మానేస్తే పేరు కొట్టేస్తారు. అప్పుడు పక్క క్వార్టరులో ఉండే రమణమ్మ, గార్డు దానయ్యగారి భార్య, తానే వచ్చి వాణ్ణి వెంటబెట్టుకు వెళ్లింది. కాలనీలో కొత్తగా చేరిన పిల్లలందరినీ అలాగే తీసుకెళ్తుందట. మావాడు ఏడవకుండా వెళ్లడమే నాకు అనుమానమైంది. సైన్సు చదివినవాణ్ణి కనుక మందు పెట్టడాలు నమ్మను. మిఠాయిలో నల్లమందు మాత్రం నమ్ముతాను.

మర్నాడు చాటుగా వెనకే వెళ్లాను. బడిగోడ దగ్గర ఆమె పిల్లల్ని నిలబెట్టి “చుప్!” అంది. మావాడు గట్టిగా తన పేరు చెప్పాడు. మిగతావాళ్లు ఘొల్లుమన్నారు.

“ఓరి నాయనా! మేష్టారు చుప్ అంటే చెప్పమని కాదురా, నోరు ముయ్యమని! అందుకేరా నిన్ను బాదీసినారు,” అంటూ నన్ను చూసేసింది. “ఏటి బాబూ, పోలీసోడిలాగ ఎనకాలొచ్చీసినావు? మా పెద్దోడు ఇలాగే తన్నులు తిని బడి మానీసినాడు. ఇంటికొచ్చాక ఏటి నేర్చుకున్నావని అడక్కు. ఏ మాట తెలీలేదో అడుగు.”

ఇప్పుడు సాయంత్రం వాడు పలక కింద పెట్టగానే అదే అడుగుతున్నాను.