కరీం గారికి పంచిన మాత్రలు

ఆ రోజు ఉదయం ఏలూరులో నేను డాక్టరమ్మకి అబద్ధం చెప్పాను. ముందు అది ఒప్పుకుని తర్వాత ప్రయాణం సంగతి రాస్తాను.

కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టేసిన మరుసటి సంవత్సరం అది. నోటి కేన్సర్‌కి నా వైద్యం ముగిసి ఏడాదైంది. జబ్బు తిరగబెట్టకుండా ఆపుతుందేమోనని ఒక కొత్త మాత్రను మాలాంటివాళ్ల మీద పరీక్షిస్తున్నారు. చేరినవాళ్లలో సగం మందికి అసలు మందు, మిగతావాళ్లకి అదే రంగు ఉత్త మాత్ర. ఎవరిది ఏదో మాకూ తెలియదు, డాక్టర్లకూ తెలియదు. నన్ను చేర్చుకున్నారు. నా పక్క మంచం మీదే వైద్యం చేయించుకున్న తాడేపల్లిగూడెం టైలరు కరీం గారిని మాత్రం లివర్ బాగాలేదని వద్దన్నారు.

కైకలూరులో ఆరుంపావు బస్సు ఎక్కాను. పక్క సీటులో ఐసు వ్యాపారి నా దవడ మీద మచ్చ చూసి, “ఆస్పత్రికాండీ? పర్లేదండీ, మొహం తేటగానే ఉంది” అన్నాడు. ఏలూరులో దిగి, ఇడ్లీలు సాంబారులో నానబెట్టుకుని మెల్లగా మింగేసరికి ఎనిమిదిన్నర.

“మాత్రలు రెండు పూటలా వేసుకున్నారా అండీ?” అని అడిగింది ఆస్పత్రిలో డాక్టరమ్మ.

“వేసుకున్నానమ్మా” అన్నాను. మాత్రల లెక్కకి వాళ్లిచ్చిన కార్డులో రోజూ రెండు టిక్కులు పెట్టి ఉంచాను కూడా.

నిజానికి రెండు నెలలుగా రాత్రి మాత్రలన్నీ కరీం గారికే ఇస్తున్నాను. భోజనాల బంతిలో ఒకరికి వడ్డించి పక్కవారికి మానేయడం మా ఇళ్లల్లో పెద్ద తప్పు. మందునీ అలాగే చూశాను. కొత్త సీసా తీసుకుని, అందులో ఆయన వంతు ఇచ్చి వద్దామని పదీ నలభైకి పాసింజరు ఎక్కాను. దారంతా కోతలైన చేలు. నేనేదో పుణ్యం చేస్తున్నట్టే ఉంది నాకు.

గూడెంలో కరీం గారు మంచం మీద ఉన్నారు. నాలుగు రోజులుగా వాంతులట, అన్నం సహించడం లేదట.

“మీరు ఇచ్చిన మందు కదా అని మానకుండా మింగుతున్నానండి” అన్నారు నీరసంగా.

ఆయన భార్య నా చేతిలో సీసా చూసింది. “అన్నయ్యగారూ, డాక్టర్లు వద్దన్న మనిషి మీద మీరు చేస్తున్నారా పరీక్ష?”

ఎస్టీడీ బూత్‌కి వెళ్లి డాక్టరమ్మకి మొత్తం చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. “ఆ మాత్రలు ఆపించి, ఆయన్ని ఇప్పుడే తీసుకురండి” అంది.

ఒంటిగంటన్నర బస్సులో ముగ్గురం బయల్దేరాం. కరీం గారి తల నా భుజం మీద ఉంది. ఆయనకేమైనా అయితే ఆ ఇంటి గడప మళ్లీ ఎలా తొక్కాలన్నదే నా ఆలోచన. ఏలూరులో రక్తం తీశారు. డాక్టరమ్మ ఏ సీసాలో ఏముందో లెక్క ఉండే హైదరాబాద్ ఆఫీసుకి ఫోన్ చేసి నా పాత సీసా నంబరు చెప్పింది. ఐదింటికి బయటికి వచ్చింది.

“మీ సీసాలో మందు లేదండీ, ఉత్త మాత్రలే. ఈయన లివర్ ఎప్పటిలాగే ఉంది. ఇది పాడైన తిండివల్ల వచ్చింది.”

“రెండు నెలలు సుద్దముక్కలు మింగించారన్నమాట” అంది కరీం గారి భార్య. అంటూనే నవ్వేసింది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. అంత తేలికైన ఊపిరి నా వైద్యం ముగిసిన రోజున కూడా తీసుకోలేదు.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. “మందే ఉండి ఉంటే? మీ టిక్కులు నమ్మి, ఆ తప్పు లెక్కతో రేపు ఇంకెవరికో మందు రాసేవాళ్లం.”

నా సీసా గుట్టు బయటపడ్డాక నాకిక మాత్రలు ఇవ్వరు. చెకప్‌లకి మాత్రం రమ్మంది. జరిగింది కాగితం మీద రాసి సంతకం పెట్టి, ఆరున్నర బస్సు పట్టుకున్నాను. కిటికీ పక్కన చల్లగాలి. ఆకలి వేసింది. ఒక మంచి మనిషి ప్రాణం నా చేతిలోంచి జారబోయి నిలిచింది, అందులో నా గొప్ప ఏమీ లేదు.

తర్వాతి సోమవారం పొద్దున్నే గూడెం వెళ్లి కరీం గారిని రెండో రక్తపరీక్షకి ఏలూరు తీసుకొచ్చాను. కులాసాగా ఉన్నారు. కొత్తగా ట్రయల్‌లో చేరినవాళ్లు ఐదుగురు బెంచీ మీద కూర్చున్నారు. డాక్టరమ్మని అడిగి, వాళ్ల ముందు నిలబడి నేను చేసింది దాచకుండా చెప్పాను.

చివర్లో కూర్చున్న పెద్దాయన సీసా సంచిలో పెట్టుకుంటూ, “మా తమ్ముడికి సగం ఇద్దామనుకున్నానండి. ఇవ్వను లెండి” అన్నాడు.