ఒకటి తగిలించి ఒకటి తీసే అమ్మిరాజు గారు

అమ్మిరాజు గారి గురించి తెలుసుకోవాల్సింది ఒక్కటే. ఇంకొకటి తగిలించకుండా ఆయన ఉన్నదాన్ని తీయరు. చెప్పులు మార్చాలంటే ఒక కాలికి కొత్తది తొడుక్కుని, రెండో కాలికి పాతదే ఉంచుకుని, కొత్తది కరవదని నమ్మకం కుదిరాకే పాతది వదులుతారు. ఆ నమ్మకం కుదరడానికి ఒక్కోసారి వారం పడుతుంది. ఆ వారమంతా రాయపూర్‌లోని మోవా వీధుల్లో ఆయన ఒక కాలు నలుపు, ఒక కాలు గోధుమరంగుగా తిరుగుతుంటారు.

ఓసారి పండరీ బజార్లో జోరువానలో, పాత గొడుగు మూయకుండా దాని కిందే కొత్త గొడుగు తెరవబోయి, బట్టల కొట్టు ముందు నిలబడ్డ నలుగురు ఆడవాళ్ళని తడిపేశారు. ఆయన మాత్రం తడవలేదు. ఎడమ చేతికి ఎప్పుడూ రెండు వాచీలుంటాయి. పాతది తీసేయొచ్చు కదా అని ఎవరైనా అంటే, "రెండోది వొచ్చి పదకొండేళ్ళే కదా అయింది, సూద్దాం" అంటారు.

ఇది పిచ్చి కాదు, ఉద్యోగం అంటించిన జబ్బు. ముప్ఫై ఆరేళ్ళు రైల్వేలో పెట్టెల దీపాలు చూసే ఫిట్టరుగా పనిచేశారు. పెట్టెలో జనం ఉండగా కింద బ్యాటరీ మార్చాల్సి వస్తే దీపం ఆరకూడదని ఆయన పట్టుదల. అందుకని పక్కన ఇంకో బ్యాటరీ తగిలించాకే పాతది విప్పేవారు. రిటైరయ్యాక రైల్వే ఆయన్ని వదిలేసింది గాని, ఆయన ఆ పద్ధతిని వదల్లేదు. "నయం, నా విషయంలో ఇంకోదాన్ని తెచ్చి తగిలించలేదు" అనేవారు భార్య రమణమ్మ గారు.

వీధిలో అందరూ నవ్వుకునేవారు. పక్కింటి మాలతికి మాత్రం ఆయన్ని చూస్తే ఒళ్ళు మండేది.

ఎనిమిది నెలల కిందట మాలతి భర్త యుగంధర్ ఆఫీసు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళు. ఆ నెలంతా అమ్మిరాజు గారు పొద్దున్నే వచ్చి గుమ్మం పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. ఓదార్చేవారు కాదు, మాట్లాడేవారు కాదు, కదిలేవారు కాదు. తలుపేసుకుని తనివితీరా ఏడవాలని మాలతికి ఉండేది.

"బాబాయ్, ఇంక మీరు ఇంటికెళ్ళండి. భోజనం టైమైంది."

"ఎల్తానమ్మా. ఎవరినైనా రానీ."

ఎవరో ఒక చుట్టం వచ్చి చాప మీద సరిగ్గా కూర్చున్నాక గాని ఆయన లేచేవారు కాదు. ఒకరోజు ఎవరూ రాలేదు. పాలవాడు వస్తే ఆశగా లేచి, వాడు కూర్చునే రకం కాదని తెలుసుకుని మళ్ళీ కూలబడ్డారు. పరామర్శకు వచ్చినాయన ఇంత పీడించడం ఎక్కడైనా ఉందా అని మాలతి పళ్ళు నూరుకుంది. అప్పట్నుంచీ ఆయన ఎదురైతే తల తిప్పుకునేది.

ఆ ఇంట్లో యుగంధర్ వస్తువులు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. బట్టలు ఎవరికో ఇచ్చేశారు. ఫోను నంబరు ఆపించేశారు. గ్యాసు పుస్తకంలో పేరు మారింది. మిగిలింది షెడ్డులో చిన్న కారు, అందులో గడియారం. దాన్ని యుగంధర్ పన్నెండు నిమిషాలు ముందుకు పెట్టుకున్నాడు. ప్రతిదానికీ ఆలస్యమయ్యే మనిషి, తనని తాను మోసం చేసుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు అది. "పది నిమిషాలైతే బుర్ర లెక్కకట్టేస్తుంది మాలతీ. పన్నెండైతే తికమకపడుతుంది" అనేవాడు. అయినా ఆలస్యంగానే వెళ్ళేవాడు.

మాలతి ప్రతి ఆదివారం కారు స్టార్టు చేసి, పది నిమిషాలు ఆ ఆకుపచ్చ అంకెలు చూస్తూ కూర్చునేది. అతని చేత్తో పెట్టింది ఇంకా నడుస్తున్నది అదొక్కటే. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, జాలిపడతారని.

మే నెల ఎండకి బ్యాటరీ చచ్చుబడింది. తాళం తిప్పితే టక్‌మని ఊరుకుంటోంది, గడియారం మాత్రం మసకగా వెలుగుతోంది. సరిగ్గా అప్పుడే నయా రాయపూర్‌లో ఉద్యోగం వచ్చింది. సోమవారం పదింటికల్లా చేరాలి. చేరకపోతే తర్వాతి పేరు పిలుస్తారు. ఆ దారిలో బస్సుని నమ్ముకుంటే చేరినట్టే. కారు నడపడం నేర్చుకున్నదే అందుకు.

శుక్రవారం కొట్టతను కొత్త బ్యాటరీ పట్టుకుని ఇంటికొచ్చాడు. "దో మినట్ కా కామ్ హై దీదీ. ఘడీ జీరో హో జాయేగీ, ఫిర్ సే సెట్ కర్ లేనా" అన్నాడు.

బ్యాటరీ తీస్తే గడియారం సున్నాకి పోతుంది. మళ్ళీ పెట్టుకోవచ్చు, నిజమే. కానీ అవి మాలతి పెట్టిన పన్నెండు నిమిషాలవుతాయి, యుగంధర్‌వి కావు. ఆమె అతన్ని వెనక్కి పంపేసింది. శనివారం మళ్ళీ వస్తే మళ్ళీ పంపేసింది. విసుగొచ్చి అతను బ్యాటరీని వరండాలో వదిలేసి, మనసైనప్పుడు పిలవమని పోయాడు.

ఈమధ్యే తోడుండటానికి ఊర్నుంచి వచ్చిన అత్తగారు సూరమ్మకి ఏమీ అర్థం కాలేదు. "మరేటే, ఉజ్జోగం ఒగ్గుకుంతావేటి?" అంది. చివరికి ఆదివారం పొద్దున్న సూరమ్మే ప్రహరీ మీంచి అమ్మిరాజు గారిని కేకేసింది.

ఆయన వచ్చారు. ఒక కాలికి తోలు చెప్పు, ఒక కాలికి రబ్బరు చెప్పు. బానెట్ మీట లాగడానికి డ్రైవరు సీట్లో కూర్చుని, గడియారం చూశారు. చేతికున్న మొదటి వాచీ చూశారు. అనుమానమొచ్చి రెండోది చూశారు. రెంటికన్నా గడియారం పన్నెండు నిమిషాలు ముందుంది.

"అతనితో ఎందుకు మార్పించలేదమ్మా?"

"ఊరికే బాబాయ్."

"ఊరికేనా? సరే" అని లేచి, ఎవరూ వచ్చి కూర్చోకుండానే వెళ్ళిపోయారు. మాలతికి అదే మొదటి ఆశ్చర్యం.

పావుగంటలో తిరిగొచ్చారు. చేతిసంచిలో స్కూటరు బ్యాటరీ, రెండు తీగలు, కోసిన సైకిలు ట్యూబు ముక్క ఉన్నాయి.

"నువ్వు లోన కూకుని గడియారం సూస్తా ఉండు. నానడిగినప్పుడల్లా సెప్పు. అంతే నీ డ్యూటీ."

మాలతి కారు తలుపు తీసింది. లోపల కూర్చుంది. ఆయన చిన్న బ్యాటరీని పక్కన తగిలించి, పాతదాని బోల్టులు విప్పడం మొదలెట్టారు.

"దీపం ఉందా?"

"ఉంది బాబాయ్."

"మైనస్ విప్పేను. ఉందా?"

"ఉంది."

"ప్లస్సూ విప్పేను. దేనికీ తగలకుండా ట్యూబు సుట్టేను. ఉందా?"

"ఉంది."

పాత బ్యాటరీ బయటికొచ్చింది. కొత్తది ఎత్తి లోపల దించుతుంటే ఆయన మోచెయ్యి తీగకి తగిలింది. అంకెలు ఒక్కసారి వణికి పాలిపోయాయి.

"బాబాయ్, పోతోంది."

"పోదు. పట్టుకున్నాను."

డెబ్భై ఏళ్ళ మనిషి ఒక చేత్తో తీగ అదిమిపట్టి, రెండో చేత్తో బోల్టు బిగించారు. షెడ్డులో గాలి లేదు. ఆయన చెమట బ్యాటరీ మీద చుక్కలుగా పడింది. మాలతి రెప్ప వేయలేదు. వేస్తే ఆరిపోతుందేమోనని భయం.

"ఇప్పుడు?"

"ఉంది బాబాయ్. బాగా ఉంది."

తాళం తిప్పితే కారు ఒక్క గురకతో లేచింది. గడియారం తొమ్మిదీ నలభై రెండు చూపించింది. ఆయన రెండు వాచీల్లోనూ తొమ్మిదిన్నరే.

మాలతి స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చింది. అమ్మిరాజు గారు కదలకుండా పక్కనే నిలబడ్డారు. సూరమ్మ వచ్చి కోడలి భుజం మీద చెయ్యి వేశాక, అప్పుడు అడుగు వెనక్కి వేశారు.

ఆ అడుగు చూశాక గాని మాలతికి తెలియలేదు, ఆ నెలంతా గుమ్మం పక్క ఆయన ఎందుకు కూర్చున్నారో. తాను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా మిగలకుండా చూశారు. ఈ తెలివితక్కువ మొద్దుకి అది పీడలా కనిపించిందా అని తనని తానే తిట్టుకుంది.

అంతలో రమణమ్మ గారు ఆయాసపడుతూ వచ్చారు. "మా ఆయనెక్కడ? బజారుకెళ్ళాలని బయల్దేరితే స్కూటరు కూయదు, కదల్దు. బ్యాటరీ లేదు. నలభై ఏళ్ళ కాపురంలో ఈయన ఇంకోటి పెట్టకుండా ఒకటి పీకడం ఇదే మొదలు."

అమ్మిరాజు గారు నేరం చేసినవాడిలా సంచిని వీపు వెనక దాచుకున్నారు.

సోమవారం ఎనిమిదింటికి మాలతి కారు బయటికి తీసేసరికి, వరండాలో ఆ ప్లాస్టిక్ కుర్చీ, అందులో ఆయన.

"సూరమ్మప్ప ఒక్కర్తీ ఉంతాది కదా. నువ్వొచ్చీదాకా ఉంతాను."

సాయంత్రం మాలతి తిరిగొచ్చేసరికి ఆయన ఇంకా అక్కడే ఉన్నారు. కుర్చీలోంచి సగం లేచి, ఆమె పాదాల వంక చూశారు. మాలతి ఒక కాలు గడప లోపల పెట్టి, రెండో కాలు బయటే ఉంచి నిలబడింది. ఆయన లేవనూ లేరు, కూర్చోనూ లేరు.

"రెండోది కూడా పెట్టమ్మా," అన్నారు బతిమాలుతూ, "నడుం పట్టేస్తంది."

ఎనిమిది నెలల తర్వాత ఆ ఇంట్లో మాలతి నవ్వింది. నవ్వుతూనే రెండో కాలు లోపల పెట్టింది.